నల్లగొండ అని వందసార్లు కొట్టే వేళ్లకు ఒక సొంత కీబోర్డు లేఅవుట్

నాది డీటీపీ పని. నల్లగొండలో చిన్న దుకాణం. పొద్దంతా అర్జీలు, అఫిడవిట్లు, భూముల అగ్రిమెంట్లు, అప్పుడప్పుడూ ఒక పెళ్లిపత్రిక. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్‌లోనే (ఏ అక్షరం ఏ కీ మీద ఉండాలో చెప్పే అమరిక) నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే నా ఆధారం. అయితే మూడేళ్ల కిందట కుడిచేతి చిటికెన వేలు సాయంత్రానికి మొద్దుబారడం మొదలైంది. ఎందుకా అని చూస్తే తప్పంతా మా జిల్లా పేరుదే అనిపించింది.

‘నల్లగొండ’ కొట్టి చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ొ’ ఎక్కడో ఎడమవైపు పై మూలన, ఎస్కేప్ కింద, ఒకటి అంకె పక్కన ఉంటుంది. ‘డ’ కుడివైపు పి కీ దాటాక ఉన్న స్క్వేర్ బ్రాకెట్ మీద ఉంటుంది. అంటే ఒక్క మాటకు రెండు చిటికెన వేళ్లూ రెండు మూలలకు పోయి రావాలి. మాకేమో అన్నీ కొండలే: నల్లగొండ, దేవరకొండ, రాచకొండ, కొండమల్లేపల్లి.

కొత్త లేఅవుట్ అనగానే చాలామంది మొత్తం కీబోర్డును మొదటి నుంచీ గీయబోతారు. నేనూ అదే చేశాను. చార్టు మీద రంగు పెన్నులతో అందంగా గీసి, నాలుగు రోజులు వాడి, చించేశాను. ఇంగ్లీషులో 1936లో డ్వోరాక్ అనే ఆయన పేటెంట్ పొందిన లేఅవుట్ ఉంది. వేళ్లకు సుఖమని దాన్ని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయినా ఏ దుకాణంలో చూసినా క్వర్టీ అనే పాత మామూలు ఇంగ్లీషు లేఅవుటే కనిపిస్తుంది. నేర్చుకున్న చేతిని మార్చడం అంత కష్టం. అందుకే ఇక్కడ చెప్పేది చిన్న మార్పుల పద్ధతి. ఉన్న లేఅవుట్‌ను ఉంచుకుని, మీ రాతకు, మీ వేళ్లకు అడ్డొచ్చే అయిదారు కీలే మార్చాలి.

మొదట రెండు రోజులు తప్పులు రాసుకోండి

సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే పోవద్దు. మానిటర్ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. బ్యాక్‌స్పేస్ నొక్కిన ప్రతిసారీ ఏ అక్షరం కొట్టబోయి ఏది కొట్టారో రాయండి. ‘ట బదులు ఎంటర్’, ‘ొ బదులు ట్యాబ్’, ఇలా రెండు ముక్కల్లో రాస్తే చాలు. గిరాకీ ఎదురుగా కూర్చుని “ఏం సారూ, ఇంకా కాలేదా, బస్సు పోతది” అంటుంటే రాయడం చికాకే. అయినా ఆ తొందరలో పడే తప్పులే మనకు కావాలి. తీరిగ్గా కొట్టేటప్పుడు అందరి వేళ్లూ బాగానే ఉంటాయి.

నా కాగితంలో అన్నిటికంటే ఎక్కువ పడ్డది ‘ట బదులు ఎంటర్’. ఇన్‌స్క్రిప్ట్‌లో ట ఉండేది అపాస్ట్రఫీ కీ మీద. దాని పక్కనే ఎంటర్. ‘పట్టా’లో రెండో ట దగ్గర వేలు కాస్త జారితే చాలు, వాక్యం మధ్యలో లైను తెగుతుంది.

తర్వాత మీ రాతను లెక్కపెట్టండి

తెలుగులో ఏ అక్షరం ఎక్కువ వస్తుందన్న సాధారణ లెక్క మీకు పెద్దగా పనికిరాదు. కవిత రాసేవాళ్ల తెలుగు వేరు, పట్టా భూముల తెలుగు వేరు. మీరు గత ఆరు నెలల్లో టైపు చేసిన ఫైళ్లలో ఇరవై ముప్పై పేజీలు తీసుకుని ఒకే టెక్స్ట్ ఫైలుగా చేయండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరవండి. వెతికే పెట్టెలో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు విడిగా పెట్టి కౌంట్ బటన్ నొక్కితే అది ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఒక గంట పని. పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే అయిదు నిమిషాలు.

ఇక్కడ ఒక విషయం తెలిసి ఉండాలి. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ఉమ్మడి పద్ధతి) ‘ల్ల’ అనేది ఒక అక్షరం కింద లెక్క రాదు. ల, పొల్లు, ల అని మూడు. కీబోర్డుకు తెలిసింది ఈ ముక్కలే, ఒత్తుగా మార్చి చూపించేది ఫాంటు. కాబట్టి లెక్క కూడా ముక్కల్లోనే చేయాలి. ఉదాహరణకు ఈ ముక్క చూడండి:

నల్లగొండ జిల్లా, దేవరకొండ మండలం

స్పేసులు, కామా వదిలేస్తే 27 నొక్కులు. వీటిలో ‘డ’ మూడుసార్లు, ‘జ’ ఒకసారి. నాలుగూ కుడి చిటికెన వేలివి. ‘ొ’ రెండుసార్లు, అది ఎడమ చిటికెన వేలిది. మొత్తం ఆరు నొక్కులు బలహీనమైన వేళ్ల మీద పడ్డాయి. ఆరింటిలో ఒక్కటి కూడా వేళ్లు ఆనించి ఉంచే మధ్య వరుసలో లేదు. ఈ చిరునామా రోజుకు ఎన్నిసార్లు కొడతానో చెప్పక్కర్లేదు.

ఇలా ఎందుకైందంటే, ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా చేసినది. 1980లలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తయారుచేయించింది, 1991లో ప్రమాణంగా అచ్చయింది. హిందీలో క ఉన్న కీ మీదే తెలుగులోనూ క ఉంటుంది. ఒకటి నేర్చుకుంటే ఇంకోటి వచ్చేస్తుంది, అది దాని గొప్ప. అయితే హిందీకి హ్రస్వ ఎ, ఒ అవసరం పడవు. మనకు తప్పనిసరి అయిన ఆ రెంటికీ మిగిలినవి మూలలే. ‘ె’ కింది వరుస చివర జడ్ మీద, ‘ొ’ పైన మూలన. తెలంగాణ, పల్లె, చెరువు, కొండ, గొర్రె: మన మాటలు సగం ఆ మూలల్లోనే ఉన్నాయి.

ఏవి కదపాలి, ఏవి కదపకూడదు

తప్పుల కాగితం, లెక్కల కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఎక్కువసార్లు వస్తూ, తప్పులు కూడా ఎక్కువ పడుతున్న కీలే మార్చదగ్గవి. ఎక్కువ వచ్చినా తప్పు పడనివి వదిలేయండి. పొల్లు డి కీ మీద, ఎడమ మధ్యవేలి కింద ఉంది. అంతకంటే మంచి చోటు లేదు, దాన్ని ముట్టుకోవద్దు. సున్న ఎక్స్ మీద ఉండటం నాకు నచ్చదు, కానీ వేలికి ఎంత అలవాటైందంటే తప్పు పడటమే లేదు. వదిలేశాను.

మార్చేటప్పుడు అక్షరాన్ని ఒకచోటి నుంచి పీకి ఇంకోచోట పెట్టొద్దు, రెంటినీ అటూ ఇటూ మార్పిడి చేయండి. అప్పుడు ఏదీ పోదు. షిఫ్ట్‌తో వచ్చే జోడీ అక్షరాన్ని కూడా వెంట తీసుకుపోవాలి. ట కదిలితే ఠ, డ కదిలితే ఢ దాంతోపాటే. జంటను విడదీస్తే ‘కంఠం’ రాయాల్సి వచ్చిన రోజున కీబోర్డంతా వెతుక్కోవాలి.

నేను చేసిన మార్పిడులు మూడు.

మొదటిది ట, చ. సెమికోలన్ కీ మధ్య వరుసలో చిటికెన వేలి సొంత చోటు. అక్కడ చ ఉంది. నా ఫైళ్లలో పట్టా, గుంట, కోర్టు, నోటీసు, వాటా అంటూ ట యే ముందుంది. అందుకని ట ను సెమికోలన్ మీదకు, చ ను అపాస్ట్రఫీ మీదకు మార్చాను. మీరు కథలు రాసేవాళ్లయితే ఈ మార్పిడి వద్దు. ‘వచ్చి, చూసి, చెప్పి’ అంటూ క్రియలన్నీ చ తోనే నడుస్తాయి.

రెండోది డ, జ. డ ను పి కీ మీదకు, జ ను బ్రాకెట్ మీదకు. రెండూ చిటికెన వేలివే, అయినా పి కీ కాస్త దగ్గరగా ఉంటుంది.

మూడోది ‘ొ’, ‘ౌ’. ఔత్వం క్యూ మీద ఉంది. దాన్ని మూలకు పంపి ఒత్వాన్ని క్యూ మీదకు తెచ్చాను. ఇక్కడ కాస్త తటపటాయించాను. మా అర్జీలన్నీ ‘గౌరవనీయులైన తహసీల్దారు గారికి’ అనే మొదలవుతాయి, భూమి కాగితాల్లో ‘కౌలు’ కూడా తరచూ వస్తుంది. లెక్క చూస్తే గౌరవం పేజీకి ఒక్కసారే, కొండలు మాత్రం పేజీ నిండా ఉన్నాయి.

కనపడని గుర్తు సంగతి

ఈ భాగం దాటేయకండి. ‘మహబూబ్‌నగర్’ అని మామూలుగా కొడితే ‘మహబూబ్నగర్’ అవుతుంది. ‘నాగర్‌కర్నూల్’ కొడితే ‘నాగర్కర్నూల్’. పొల్లు తర్వాత హల్లు వస్తే అతుక్కుని ఒత్తవుతుంది, అది లిపి స్వభావం. అతుక్కోకుండా ఆపడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెట్టాలి. ఆఫీస్‌లో, ఆన్‌లైన్, పాస్‌బుక్ అన్నిటికీ ఇదే కావాలి. విండోస్‌లోని తెలుగు కీబోర్డులో ఇది కంట్రోల్, షిఫ్ట్, ఒక అంకె కలిపి నొక్కితే వస్తుంది. మూడు వేళ్ల పని కాబట్టి చాలామంది దాన్ని వాడనే వాడరు. పొల్లు తర్వాత ఒక స్పేస్ కొట్టి ‘మహబూబ్ నగర్’ అని సరిపెట్టుకుంటారు.

నేను మొదట దీన్ని షిఫ్ట్, స్పేస్ మీద పెట్టి పెద్ద పొరపాటు చేశాను. ఇన్‌స్క్రిప్ట్‌లో అ, ఇ, ఎ లాంటి అచ్చులన్నీ షిఫ్ట్‌తోనే వస్తాయి. ‘విస్తీర్ణం ఎకరాలు’ కొట్టేటప్పుడు ఎ కోసం షిఫ్ట్ ముందే నొక్కేసేవాణ్ని. స్పేస్ బదులు కనపడని గుర్తు పడి రెండు మాటలూ కలిసిపోయేవి. సరేనని మధ్యలో స్పేస్ పెట్టి దిద్దాను. గుర్తు మాత్రం అక్కడే ఉండిపోయింది. నెల తర్వాత ఒక ఫైలులో ‘విస్తీర్ణం ఎకరాలు’ అని వెతికితే దొరకలేదంటుంది! కళ్లెదుట స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. సగం రోజు ఫాంటును తిట్టుకున్నాక అసలు సంగతి అర్థమైంది.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. కుడి ఆల్ట్ పట్టుకుని డి నొక్కితే పొల్లు, దాని వెంట కనపడని గుర్తు, రెండూ కలిసి పడతాయి. బ కొట్టి, కుడి ఆల్ట్‌తో డి, తర్వాత న. అంతే, మహబూబ్‌నగర్. పొల్లు కీ ఎలాగూ వేలికి తెలిసిందే కాబట్టి కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. అనుకోకుండా పడే భయమూ లేదు.

ఇక కంప్యూటర్ దగ్గర కూర్చోండి

విండోస్‌కు మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వెర్షన్ 1.4. పాతదే, కానీ విండోస్ 10, 11లలో కూడా నడుస్తుంది. డాట్‌నెట్ 3.5 అడుగుతుంది, విండోస్ ఫీచర్లలో దాన్ని ఆన్ చేసుకోండి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి, వేరే చోట్ల నుంచి వద్దు.

ఫైల్ మెనూలో, ఉన్న కీబోర్డును తెరిచే ఎంపిక ఉంటుంది. జాబితాలో తెలుగు ఎంచుకోండి. ఇన్‌స్క్రిప్ట్ మొత్తం తెర మీద పరుచుకుంటుంది. ఖాళీ కీబోర్డుతో మొదలుపెడితే ప్రతి అక్షరమూ మీరే నింపాలి, ఆ శ్రమ ఎందుకు.

వెంటనే ప్రాజెక్ట్ మెనూలో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి పేరు మార్చండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిదికి మించకూడదు. నేను చివర ఒక అంకె కూడా పెడతాను. ఎందుకో కింద చెబుతాను. వివరణ దగ్గర మాత్రం మీకు గుర్తుండే పెద్ద పేరు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు కీ మీద క్లిక్ చేస్తే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. పాత అక్షరం తీసి కొత్తది పెట్టండి. సెమికోలన్ మీద ట, అపాస్ట్రఫీ మీద చ. పక్కన షిఫ్ట్ గడికి టిక్ పెడితే రెండో అంతస్తు కనిపిస్తుంది, అక్కడ ఠ, ఛ మార్చండి. కుడి ఆల్ట్ గడికి టిక్ పెడితే మూడో అంతస్తు. డి కీ మీద పొల్లు, కనపడని గుర్తు పెట్టాల్సింది అక్కడే. కనపడని గుర్తును టైపు చేయలేం కాబట్టి దాని నంబరు ఇవ్వాలి: యు, ప్లస్, 200సి.

ఆ మూడో అంతస్తులో ఇంకో సరదా ఉంది. ఒక కీ మీద నాలుగు ముక్కల దాకా కలిపి పెట్టొచ్చు, అంతకు మించి కుదరదు. క, ొ, సున్న, డ: ‘కొండ’ సరిగ్గా నాలుగు! కుడి ఆల్ట్ పట్టుకుని క నొక్కితే ఇప్పుడు నాకు కొండ మొత్తం పడుతుంది. గ నొక్కితే ‘గొండ’. ట కీ మీద ‘గుంట’, అదీ నాలుగే. ప మీద ‘పేట’, ర మీద ‘పూర్’. సూర్యాపేట, అచ్చంపేట, నారాయణపేట, కొల్లాపూర్ అన్నీ తేలికయ్యాయి. ‘పల్లి’ పెట్టాలని చాలా ఆశపడ్డాను. ప, ల, పొల్లు, ల, ి కలిపి అయిదు ముక్కలు, పట్టదు. ‘పట్టా’ కూడా అయిదే. మరీ కావాలంటే ‘ల్లి’ పెట్టుకోవచ్చు, నాలుగు ముక్కలే. నేను పెట్టుకోలేదు. అయిదు మాటలకు మించితే ఏది ఏ కీ మీద ఉందో నాకే గుర్తుండట్లేదు.

ఒక జాగ్రత్త. కుడి ఆల్ట్ అంటే విండోస్ దృష్టిలో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ రెంటితో షార్ట్‌కట్లు ఉంటే గొడవ వస్తుంది. అలాంటివి ముందే చూసుకుని ఆ కీలను ఖాళీగా వదిలేయండి.

అయ్యాక ప్రాజెక్ట్ మెనూలో వ్యాలిడేట్ నొక్కండి. ఒకే అక్షరం రెండు చోట్ల ఉంటే హెచ్చరిస్తుంది. మార్పిడి సగమే చేశారనడానికి అది మంచి గుర్తు. తర్వాత అదే మెనూలో టెస్ట్ తెరిచి అ నుంచి ఱ దాకా మొత్తం వర్ణమాల కొట్టండి. బడిపిల్లల పనిలా ఉంటుంది కానీ, ఏ అక్షరమైనా గల్లంతయితే ఇక్కడే బయటపడుతుంది. వర్ణమాల తర్వాత మీ సొంత ఫైలులో ఒక పేరా.

చివరగా సెటప్ ప్యాకేజీ తయారుచేయించండి. ఒక ఫోల్డర్ వస్తుంది. దానిలో సెటప్ ఫైలుతో పాటు వేర్వేరు రకం విండోస్‌లకు వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్లేటప్పుడు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, సెటప్ ఒక్కటే తీసుకుపోతే పనిచేయదు. ఇన్‌స్టాల్ చేశాక ఒకసారి సైనౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. విండోస్ కీ, స్పేస్ నొక్కి తిప్పితే మీ లేఅవుట్ పేరు కనిపిస్తుంది. పాత తెలుగు కీబోర్డును తీసేయొద్దు. దుకాణంలో ఇంకొకరు కూర్చుంటే వాళ్లకు అదే కావాలి.

పేరు చివర అంకె సంగతి. తర్వాత ఏదో ఒక కీ మార్చాలనిపిస్తుంది, తప్పదు. అదే పేరుతో మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. పాతదాన్ని తీసేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తది వేయాలి. అంకె మార్చి కొత్త పేరుతో చేస్తే ఈ తలనొప్పి ఉండదు. మీరు సేవ్ చేసిన అసలు లేఅవుట్ ఫైలును మాత్రం మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. హార్డ్ డిస్క్ పోతే లేఅవుట్ కూడా పోతుంది.

విండోస్ కానివాళ్లకు

ఉబుంటు లాంటి లినక్స్‌లో కీబోర్డు లేఅవుట్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లే. తెలుగు భాగాన్ని కాపీ చేసుకుని అక్షరాలు మార్చుకోవచ్చు. అయితే అక్కడ ఒక కీకి ఒకే ముక్క, కొండలు పేటలు కుదరవు. ఇంగ్లీషు అక్షరాలతో ‘అమ్మ’ కొట్టే అలవాటున్నవాళ్లకు పైన చెప్పిన మైక్రోసాఫ్ట్ సాధనం చాలదు. ముందు ఏ అక్షరం పడిందో చూసి తర్వాతి కీ అర్థం మారాలి కాబట్టి, వాళ్లు కీమ్యాన్ డెవలపర్ అనే సాఫ్ట్‌వేర్ చూడటం మేలు. అదీ ఉచితమే. కానీ నియమాలు కోడ్‌లా రాయాలి. దానితో చేసిన కీబోర్డు ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

పాత అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసేవాళ్లకు ఇదంతా పనికిరాదు. మన లేఅవుట్ ఇచ్చేది యూనికోడ్ అక్షరాలు, ఆ ఫాంట్లకు అవి అర్థం కావు. టైపింగ్ పరీక్షకు తయారయ్యేవాళ్లు కూడా ఆగండి. నోటిఫికేషన్‌లో ఏ లేఅవుట్ అని ఉంటే దానిలోనే సాధన చేయండి. ఉద్యోగం వచ్చాక మార్చుకోవచ్చు.

చేతికి నేర్పడం

మూడు మార్పిడులూ ఒకే రోజు మొదలుపెట్టాను. తెల్లారి ఒక పెద్దాయన అర్జీ కొట్టి ప్రింటు తీస్తే పైన ఇలా ఉంది:

నల్లగౌంజ డిల్లా, దేవరకౌంజ మంజలం

వేళ్లు పాత చోట్లకే పోయాయన్నమాట. పట్టా అంతా ‘పచ్చా’ అయింది, చెరువు ‘టెరువు’ అయింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని “ఇదేం భాష సారూ” అన్నాడు. కాగితం చించి పాత కీబోర్డులోకి మార్చి మళ్లీ కొట్టిచ్చాను.

మీరు అలా చేయకండి. వారానికి ఒక జంటే మార్చండి. మొదటి వారం ట, చ తో ఒక లేఅవుట్, రెండో వారం డ, జ కూడా కలిపి ఇంకోటి, తర్వాత ఒత్వం. ప్రతి లేఅవుట్‌కూ కొత్త అంకె. పొద్దున దుకాణం తెరిచాక గిరాకీ రాకముందు పదిహేను నిమిషాలు ఊళ్ల పేర్లే కొట్టండి. మండలాల జాబితా ఒకటి ముందు పెట్టుకుంటే అన్ని కష్టాలూ అందులోనే ఉన్నాయి. మార్చిన కీల మీద చిన్న కాగితం ముక్కలు టేపుతో అంటించుకోవడంలో తప్పేమీ లేదు. వారం తర్వాత పీకేయండి, లేకపోతే కళ్లు కీబోర్డు మీదే ఉంటాయి.

నాకు ట, చ కుదరడానికి వారం పట్టింది. డ, జ తొందరగానే వచ్చాయి. ఒత్వానికి మాత్రం నెల దాటింది. ఇప్పటికీ బాగా అలసిపోయిన రోజు ఎడమ చిటికెన వేలు ఎస్కేప్ వైపు ఒకసారి పోయి వస్తుంది. ‘ె’ ఇంకా జడ్ మీదే ఉంది, దాన్ని ఎక్కడికి తేవాలో తేలలేదు. ‘ో’ తో మార్చి ఇంగ్లీషు A కీ మీద పెడదామని ఉంది. కాకపోతే ఈ మధ్య ఫోన్ నంబరు, ఫోటో, కోర్టు, లోన్ అంటూ ‘ో’ కూడా తక్కువేమీ తినట్లేదు. ముందు ఈ నెల ఫైళ్లు లెక్కపెట్టాలి.